గోడ లేని నీళ్ళు

మా ఇంటి ముందు ఒడ్డు ఒక చోట నిలబడదు. పైనుంచి వరద వచ్చి ప్రాజెక్టు నిండినప్పుడు నీళ్ళు మా తుమ్మచెట్ల దాకా వచ్చి కూర్చుంటాయి. యాసంగి పంటలకు కాలువలు వదలడం మొదలయ్యాక రోజుకింత వెనక్కి జరుగుతాయి. ఎక్కడో ఎవరో గేటు తిప్పితే ఇక్కడ మా వాకిలి పెరుగుతుంది. పొద్దున లేచి చూస్తే నిన్న నీళ్ళున్న చోట బురద ఉంటుంది, మొన్న బురద ఉన్న చోట సన్నగా పచ్చిక లేచి ఉంటుంది. బట్టలు ఉతికే ఆడవాళ్ళు కూడా నీళ్ళ వెంట దిగుతూ పోతారు. ఒక్కో మట్టానికి ఒక్కో వరస బండలు వేసి పెట్టుకున్నారు. ఉతుకుడు చప్పుడు ఎంత దూరం నుంచి వస్తున్నదో వింటే చాలు, తలుపు తీయకుండానే నీళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలిసిపోతుంది.

ఇన్నేళ్ళు ఆ నీళ్ళ పక్కన కాపురం చేసి కూడా నేను మోకాళ్ళు దాటి లోపలికి దిగలేదు. భయం. భయమని ఒప్పుకోవడం నామోషీ కాబట్టి "నాకు తీరిక ఏడిది" అనేదాన్ని. ఆదివారం వస్తే గద్వాల నుంచి, రాయచూరు నుంచి, హైదరాబాదు నుంచి కూడా జనం కార్లేసుకొని వస్తారు. కట్ట మీద ఫొటోలు దిగుతారు, వేయించిన చేపలు తింటారు, నీళ్ళ నడుమ ఉన్న చిన్న గుట్ట దాకా పుట్టిలో, అదే గుండ్రటి తట్టలాంటి పడవలో, తిప్పమని చేపలు పట్టేవాళ్ళను బతిమాలుతారు. పొద్దుగూకేసరికి వెళ్ళిపోతారు. వాళ్ళు పారేసిన కాగితపు పళ్ళాలు గాలికి మా ఒడ్డుకే కొట్టుకొస్తాయి. అవి ఏరుతూ నేను తిట్టే తిట్లు ఆ కార్ల దాకా వినపడవు గానీ మా ఆయనకు మాత్రం బాగా వినపడతాయి.

ఆ చలికాలం మా అమ్మ మా దగ్గరికి వచ్చింది. లింగాల దగ్గర మా పుట్టింట్లో పల్లికాయ ఆరబోసిన చోట కాలు జారి పడి మోకాలు విరగ్గొట్టుకుంది. ఆపరేషను అయింది. తమ్ముడిది మేడ ఇల్లు, ఎటు తిరిగినా మెట్లే. మాది నేలకు సమంగా ఉన్న ఇల్లు, గద్వాల దవాఖాన కూడా దగ్గరే. అందుకని నాలుగు నెలలు నా దగ్గర ఉంచుకుంటానని నేనే తీసుకొచ్చాను. డాక్టరు ఒక్కటే చెప్పాడు. రోజూ నడవాలి. నొప్పి అని కూర్చుంటే మోకాలు బిగుసుకుపోతుంది, ఆ తర్వాత ఇక మంచమే.

అమ్మ నడవలేదు. "ఈ కాలు నాది కాదే. ఎవరిదో తెచ్చి అతికిచ్చిండ్రు" అనేది. కొనిచ్చిన వాకర్ మీద తడి తువ్వాలు ఆరేసుకునేది. పొద్దున వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే మళ్ళీ పడుకునే వేళకే లేచేది, అదీ నా భుజం మీద పడి. నేను బుజ్జగించాను, కసిరాను, ఒకరోజు కోపంలో అన్నం కంచం వంటింట్లోనే పెట్టి "ఆకలైతే నడిచి రా" అన్నాను. ఆమె రాలేదు. చివరికి నేనే కంచం తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టాను. నాకు లోపల్లోపల దిగులు పట్టుకుంది. ఊళ్ళో ఎవరి పాత్రలు బావిలో పడినా దూకి తీసిచ్చిన మనిషి. అట్లాంటి మనిషి కుర్చీలో ముద్దలాగా కూర్చుంటే చూడలేకపోయేదాన్ని.

కుర్చీలోంచి ఆమె చూసేది ఒక్కటే, నీళ్ళు. పొగమంచులో అవతలి ఒడ్డు ఉండదు. నీళ్ళెక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. పుట్టి ఒకటి గాలిలో వేలాడుతున్నట్టు కనిపించి, మళ్ళీ చూస్తే ఉండదు. కొంగ అరుస్తుంది, ఎటునుంచో తెలియదు. ఎండ ఎక్కుతుంటే ముందు గుట్ట నెత్తి తేలుతుంది, తర్వాత దాని మీద ముళ్ళకంపలు, ఆ తర్వాత గుట్ట మొత్తం. అమ్మ కళ్ళార్పకుండా చూసేది. చాయ్ చల్లారిపోయేది.

"గిన్ని నీళ్ళు పెట్టుకొని ఎవ్వరు దిగరేందే?" అని అడిగింది ఒకరోజు.

"చేపలోళ్ళు దిగుతరు. మనకేం పని?" అన్నాను.

"పనుంటేనే దిగుతరా నీళ్ళల్ల?" అంది, నేనేదో తెలివితక్కువ మాట మాట్లాడినట్టు.

ఆ తర్వాత కొన్ని రోజులకు నేను వంటింట్లో ఉండగా ఒడ్డున ఆడవాళ్ళ కేకలు వినపడ్డాయి. వరండాలోకి వచ్చి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. వాకర్ మీద తువ్వాలు అట్లాగే ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. మా వాకిట్లోంచి నీళ్ళ దాకా బురదలో ఒక వెడల్పాటి చార ఉంది. మా అమ్మ కూర్చొని దేకుతూ దిగిపోయింది.

నీళ్ళలో ఆమె తల కనిపించింది. చీరకు కాసె పోసుకుంది, కొప్పు గట్టిగా ముడేసుకుంది. చేతులు తాపీగా ముందుకు పడుతున్నాయి. మునగడం లేదు, ఆయాసపడడం లేదు. కాకపోతే ఆమె తిరుగుతోంది. నాలుగు బారలు ముందుకు వేసి ఎడమకు మళ్ళుతుంది, ఇంకో నాలుగు వేసి మళ్ళీ మళ్ళుతుంది, బయలుదేరిన చోటికే వచ్చి చేరుతుంది. పెద్ద సముద్రమంత నీళ్ళు ముందు పరుచుకొని ఉంటే, ఆమె మా వంటింటి వెడల్పున గుండ్రంగా తిరుగుతోంది.

బట్టలు ఉతుకుతున్న ఒకామె నోరు నొక్కుకొని, "అక్కా, మీ అమ్మ గానుగెద్దు లెక్క తిరుగుతుంది" అంది. అందరూ నవ్వారు. నాకు కోపం రావాల్సింది, కానీ నవ్వే వచ్చింది. అమ్మ నవ్వలేదు. ఒడ్డుకు వచ్చి బండ పట్టుకొని, నీళ్ళ వైపు తిరిగి, చాలాసేపు ఎటో చూసింది.

"ఎటు పోయినా మల్ల ఈడికే వస్తున్న. ఏమైంది నాకు?" అంది.

ఆమెకేమీ కాలేదు. ఆమె ఈత నేర్చుకున్నది బావిలో. మా తాతకు అప్పటికి మగపిల్లలు లేరు. తాడు తెగి బొక్కెన పడితే తీసేవాళ్ళు కావాలి. ఆయన కూతురి నడుముకు తాడు కట్టి బావిలోకి తోశాడు. ఆమె అరిచింది, మునిగింది, తేలింది, కొన్నాళ్ళకు తాడు విప్పించుకుంది. రాళ్ళతో కట్టిన గుండ్రటి బావి. నాలుగు బారలేస్తే గోడ వస్తుంది, చెయ్యి గోడకు తాకగానే ఒళ్ళు దానంతటదే పక్కకు మళ్ళుతుంది. పెళ్ళయ్యాక అత్తగారి పొలంలోనూ అట్లాంటి బావే. మధ్యాహ్నం మగవాళ్ళు భోజనాలకు పోయినప్పుడు దిగేదట. నాకు నేర్పే వయసు వచ్చేసరికి మా ఊరి చుట్టూ బోర్లు పడ్డాయి, బావుల్లో నీళ్ళు అడుగంటాయి. మా బావిలో రాళ్ళు, చెత్త పోసి పూడ్చేశారు. అప్పటి నుంచి ఆమె ఒంట్లో ఆ ఈత అట్లాగే ఉండిపోయింది, గోడతో సహా.

మా మెట్ట ప్రాంతంలో ఈత వచ్చిన వాళ్ళెవరిని ఇక్కడికి తీసుకొచ్చి వదిలినా ఇదే పొరపాటు చేస్తారనుకుంటాను. లేని గోడ దగ్గర మళ్ళుతారు.

ఆ సాయంత్రం చాయ్ తాగుతూ అమ్మ గుట్ట వైపు చెయ్యి చూపించింది. "గా గుట్ట కాడికి పోత."

"పుట్టిల పోదాం తియ్యి" అన్నాను.

"పుట్టిల గాదు. ఈదుకుంట పోత."

నాకు ఒళ్ళు మండింది. "డాక్టరు నడువుమంటే నడువవు. గుట్ట దాక ఈదుతవా? నడుముల్దాక నీళ్ళల్ల దిగాలంటేనే నాకు పానం పోతది. నీకేమన్నయితే తమ్మునికి నేనేం చెప్పాలె?"

అమ్మ నా అరుపులన్నీ అయ్యేదాకా ఆగింది. తర్వాత మెల్లగా చెప్పింది. "బాయిల పొద్దంత ఈదినా దిగిన కాడికే వస్తం బిడ్డా. పోవుడనేది లేదు. ఒక్కసారన్న ఈడ దిగి ఆడ తేలాలె."

కుర్చీ దిగనని మొండికేసిన మనిషి నోట్లోంచి 'పోత' అన్న మాట ఎన్ని రోజులకు వచ్చిందో. మా ఆయన, "దిగనియ్యి. కుర్చీల కూసుంటే బాగయితదా? కాకుంటే పక్కన పుట్టి ఉండాలె" అన్నాడు. గద్వాలలో ఆయనది మోటర్ల వైండింగు దుకాణం. కాలిపోయిన మోటరు కూడా ఒకసారి కరెంటు పెట్టి చూడకుండా పడెయ్యడు, మనుషుల సంగతీ అంతే.

మా పక్కింటాయనకు పుట్టి ఉంది. తెల్లవారుజామున వలలు తీసుకొచ్చి, చేపలు బండికెత్తేశాక ఖాళీగానే ఉంటాడు. నాకంటే కొంచెం చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. సంగతి చెప్తే ముందు భయపడ్డాడు. "పెద్దమ్మకు ఏమన్నయితే నా మీదికొస్తది" అన్నాడు. రెండో రోజు తనే వచ్చి, "జర ఎండెక్కినంక దిగుదాం, నీళ్ళు సల్లగుంటయి" అన్నాడు.

ఉపాయం మాత్రం అమ్మదే. "నాకు గోడ గావాలె. గోడ లేకుంటే చెయ్యి ఎటు పడుతదో తెలుస్తలేదు. నువ్వు పుట్టిని నా ముంగట పెట్టు. నేను ముట్టబోతుంటే జర ముంగటికి జరుపు" అంది.

ఆయన తెడ్డు పట్టుకొని కాసేపు ఆలోచించాడు. "గిట్లయితే పుట్టిని ముట్టేది ఎప్పుడు పెద్దమ్మా?"

"ముట్టకున్నా ఏం కాదు. ఉన్నదని తెలిస్తే సాలు."

అట్లా మొదలైంది. పొద్దున మంచు విడిపోయే వేళకు అమ్మ దేకుతూ దిగేది. ఆమెకు ఆ చార అలవాటైపోయింది. మొదటి రోజుల్లో నేను ఒడ్డునే నిలబడి, "సాలు, రా" అని అరిచేదాన్ని. వాళ్ళు లోపలికి పోతున్న కొద్దీ నా గొంతు అందడం మానేసింది. భయంతో ఒడ్డున ఉండడం కంటే భయంతో పుట్టిలో ఉండడమే నయమనిపించి ఒకరోజు ఎక్కాను. రెండు చేతులతో అంచు పట్టుకొని, కళ్ళు మూసుకొని కూర్చున్నాను. పుట్టి మెల్లగా తిరుగుతూ పోతుంటే ఉయ్యాలలో పడుకోబెట్టిన పసిపిల్లలాగా నాకు నిద్ర ముంచుకొచ్చింది. కళ్ళు తెరిస్తే అమ్మ ముఖం ఎదురుగా ఉంది. గడ్డం వరకు నీళ్ళు. నుదుటి మీద ఎండ.

ఆ రోజుల గురించి ఇప్పుడు తలుచుకుంటే అవి ఒకదాని తర్వాత ఒకటి గుర్తు రావు. అన్నీ కలిసి ఒక పొడుగాటి ఉదయంలాగా ఉంటాయి. తెడ్డు నుంచి నీళ్ళు జారే చప్పుడు. కట్ట మీద పోయే బస్సు హారను ఎక్కడో వేరే లోకంలో మోగినట్టు. నీళ్ళ మీద రాలిన తుమ్మపూలు పసుపు చల్లినట్టు తేలుతుంటే వాటి మధ్యలోంచి అమ్మ చేతులు దారి చేసుకుంటూ రావడం. పుట్టిలో ఎవరమూ మాట్లాడేవాళ్ళం కాదు. నా జీవితంలో నేను అంతసేపు నోరు మూసుకొని ఉన్నది అక్కడే, ఈ మాట మా ఆయనదే. అమ్మ ఇంకా ఎడమకు లాగుతూనే ఉండేది. పుట్టి కొంచెం కుడికి జరిగేది, ఆమె సర్దుకొని వచ్చేది. అలిసిపోతే అంచు పట్టుకొని వేలాడేది. అప్పుడు ఆమె వేళ్ళ మీద నా చెయ్యి వేసేదాన్ని. నీళ్ళలో నానిన ఆ వేళ్ళు ముడతలు పడి మెత్తగా ఉండేవి.

ఇంటికి తిరిగొచ్చాక మాత్రం అదే మనిషి, అదే కుర్చీ. వాకర్ ముందు పెడితే ముఖం తిప్పుకునేది. ఒడ్డు నుంచి ఇంటి దాకా నేనూ, పక్కింటాయన భార్యా చెరో పక్కన పట్టుకొని మోసినట్టే తీసుకొచ్చేవాళ్ళం. నీళ్ళలో అంత హుషారు, నేల మీద ఇంత మొండితనం. నాకు అర్థమయ్యేది కాదు, కోపమొచ్చేది.

ఇంతలో తమ్ముడు ఫోను చేశాడు. కింద ఒక గది కట్టించాడట, ఆదివారం వచ్చి అమ్మను తీసుకుపోతానన్నాడు. "అమ్మ నడుస్తుందా?" అని అడిగాడు. "నువ్వొచ్చి చూద్దువు గని" అని పెట్టేశాను. అమ్మకు చెప్తే ఆమె తమ్ముడి గురించి కాకుండా నీళ్ళ గురించి అడిగింది. "అప్పటి దాక ఆగుతయా?"

ఆగేట్టు లేవు. కాలువలకు జోరుగా వదులుతున్నారు. ఉతుకుడు చప్పుడు రోజురోజుకూ దూరమైపోతోంది. గుట్ట చుట్టూ నల్లటి రాళ్ళు బయటపడ్డాయి. మొన్నటిదాకా వలలేసిన చోట కొంగలు కాళ్ళ మీద నిలబడి ఉన్నాయి. ఏటా అంతే, ఇంకొన్నాళ్ళలో గుట్ట ఒడ్డుతో కలిసిపోతుంది, మేకలు మెరక వెంట నడిచి పోయి మేస్తాయి. అప్పుడు అక్కడికి ఈదే పని ఉండదు. మళ్ళీ వరద వచ్చేసరికి అమ్మ ఎక్కడ ఉంటుందో, ఎట్లా ఉంటుందో. ఆ మాట ఎవరమూ పైకి అనలేదు.

శనివారం పొద్దున దిగాం. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. అమ్మ నీళ్ళలోకి జారి, ముఖం కడుక్కొని, "పోనియ్యి" అంది. పక్కింటాయన తెడ్డు వేశాడు. మేం రోజూ తిరిగొచ్చే చోటు దాటాం. గుట్ట ఇంకా కనిపించలేదు, అటు నుంచి కొంగల చప్పుడు మాత్రం వస్తోంది. వెనక్కి చూస్తే మా ఇల్లు కూడా లేదు. ఎటు చూసినా తెల్లగానే ఉంది. కొంగలూ సద్దుమణిగాక ఆ తెల్లదనంలో అమ్మ ఊపిరి తప్ప ఇంకేమీ వినపడలేదు. నాకు భయం వేయలేదు. ఎందుకో తెలియదు, అది ఎప్పటికీ అయిపోకుండా ఉంటే బాగుండుననిపించింది.

సగం దాటాక తెడ్డు మెత్తగా దేనికో తగిలింది. పక్కింటాయన ఇంకోసారి వేశాడు. మళ్ళీ తగిలింది. నా వైపు చూశాడు. నేల. మేం అనుకున్నదానికంటే నీళ్ళు ఎక్కువే దిగిపోయాయి. అంచు మీద నుంచి వంగి చూస్తే అడుగున నాచు కదులుతూ కనిపించింది. మహా ఉంటే నడుము లోతు. ఆయన నోరు తెరవబోతుంటే నేను వేలు పెదాల మీద పెట్టాను.

అమ్మ బాగా అలిసిపోయింది. చేతులు చిన్నగా పడుతున్నాయి, ఊపిరి చప్పుడు మారింది. పుట్టిలో కూర్చోలేకపోయాను. నేనేం చేస్తున్నానో అనుకునేలోపే అంచు దాటి దిగేశాను. చల్లదనం నడుము దాకా పాకింది. కాళ్ళ కింద బురద వెన్నలాగా జారింది. కుచ్చిళ్ళు చేత్తో ఎత్తి పట్టుకొని అమ్మ పక్కకు వచ్చాను. ఆమె తల తిప్పి నన్ను చూసింది, నేను నిలబడి ఉన్నానని చూసింది. ఈదుతూనే ఉంది. నేను పక్కన నడుస్తూనే ఉన్నాను. ఆమె ఎడమకు మళ్ళితే నా నడుముకు తగిలి మళ్ళీ సర్దుకునేది. గుట్ట ముందు నీడలాగా, తర్వాత రాళ్ళతో సహా వచ్చింది. అమ్మ చెయ్యి మొదటి రాయికి తాకింది. ఆ రాయిని అరచేత్తో చాలాసేపు పట్టుకొని ఉంది, మళ్ళలేదు.

నేనూ పక్కింటాయనా ఆమెను రాయి మీద కూర్చోబెట్టాం. ఆయన పుట్టి ఆపడానికి అవతలికి పోయాడు. అమ్మ చీర కొంగు పిండుకుంటోంది. నాకు ఉండబట్టలేదు.

"అమ్మా, నీళ్ళు నడుముల దాకనే ఉండె. అలిసినప్పుడు నిలబడొచ్చు గద."

"తెలుసు. సగం కాడనే కాలి ఏలు నేలకు తాకింది."

"మరి నిలబడకపోతివి?"

అమ్మ తన మోకాలి వైపు చూసింది. కుట్లు వేసిన చోట తోలు నీళ్ళకు తెల్లబడి ఉంది.

"నిలబడితే ఈ కాలు యాదికొస్తది బిడ్డా" అంది.

నేను ఏడ్చాను. ఇన్నాళ్ళూ నేను మొండితనం అనుకున్నది భయం. నాకు నీళ్ళంటే ఎంత భయమో ఆమెకు నేలంటే అంత భయం. నేను తీరిక లేదంటూ తప్పించుకున్నాను, ఆమె కాలు తనది కాదంటూ తప్పించుకుంది. ఆమె నన్ను ఏడవనిచ్చింది. మంచు విడిపోతుంటే మా ఒడ్డు, ఒడ్డు మీద మా ఇల్లు, దూరంగా కట్ట మీద గేట్ల వరస ఒక్కొక్కటిగా తేలాయి.

పక్కింటాయన పుట్టిని దగ్గరికి తెచ్చి, "ఎక్కు పెద్దమ్మా, పోదాం" అన్నాడు.

అమ్మ పుట్టిని చూసింది, నీళ్ళను చూసింది. తర్వాత తడిసి ముద్దగా ఉన్న నన్ను చూసింది.

"నువ్వు ముంగట పో, మేం ఎనుక వస్తం" అని ఆయనతో అంది. రాయి మీద నుంచి జారి, నా భుజం పట్టుకొని, నడుము లోతు నీళ్ళలో నిలబడింది. నిలబడగానే "అయ్యో" అంది. ఆమె గోళ్ళు నా భుజంలోకి దిగాయి. నేను కదలలేదు, తొందర పెట్టలేదు. కాసేపటికి ఒక అడుగు పడింది. దాన్ని బూతులు తిట్టింది. ఇంకో అడుగు వేసింది, దాన్నీ తిట్టింది. అట్లా తిట్టుకుంటూ, ఆగుకుంటూ, పక్కింటాయన ముందు తెడ్డుతో లోతు చూసి చూపిస్తుంటే, మేకలు పోయే మెరక వెంట ఇద్దరం ఒడ్డు దాకా నడిచి వచ్చాం.